బూట్‌లో పార్టిషన్ మౌంట్ కావట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఈ వరసలో చూడండి

“ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఎమర్జెన్సీ మోడ్ అని వచ్చి ఆగిపోయింది. మళ్లీ లినక్స్ ఇన్‌స్టాల్ చేసుకోవాలా?” ఉబుంటు, మింట్, ఫెడోరా వాడే మిత్రులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఇదే ప్రశ్న ఇంకోలా కూడా వస్తుంది: “సిస్టమ్ ఆన్ అవుతోంది కానీ డేటా డ్రైవ్ కనిపించట్లేదు.”

రెండింటికీ ముందు చెప్పాల్సిన మాట ఒక్కటే. మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, ఫార్మాట్ అసలే వద్దు. చాలాసార్లు మీ ఫైళ్లు డిస్కులో భద్రంగానే ఉంటాయి. ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఒక లైన్ సరిగా లేక సిస్టమ్ వాటిదాకా వెళ్లలేకపోతుంది. అసలు నష్టం జరిగేది ఆ తర్వాత, టెన్షన్‌లో ఎక్కడో చూసిన కమాండల్లా కొట్టేసినప్పుడు. అందుకే కింద మొదటి నాలుగు మెట్లూ కేవలం చూడటానికే. వాటిలో మీ డేటాను మార్చేది ఏదీ లేదు.

జరిగేది క్లుప్తంగా ఇదీ. బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ అనే ఫైల్ చదువుతుంది. ఏ పార్టిషన్‌ని (డిస్కులో ఒక భాగాన్ని) ఏ ఫోల్డర్‌కి తగిలించాలో, అంటే మౌంట్ చేయాలో, అందులో లైన్లు లైన్లుగా రాసి ఉంటుంది. చెప్పిన పార్టిషన్ కనిపించకపోతే మామూలుగా 90 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ రాకపోతే, ఆ లైన్‌లో ‘ఇది లేకపోయినా ఫర్వాలేదు’ అని మీరు రాసి ఉండకపోతే, మొత్తం బూట్‌నే ఆపేస్తుంది. సినిమాలు పెట్టుకున్న పార్టిషన్ దొరక్కపోయినా సిస్టమ్ మొత్తం ఆగిపోవడానికి కారణం ఇదే.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. గీతలు, చుక్కలు, ఖాళీలు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే లాంటివి ఒక్కో అక్షరంగా, మౌంట్ లాంటివి మామూలు మాటగా చదువుకోండి. ఎఫ్‌స్టాబ్ ఫైల్ లోపల యూయూఐడీ అనే మాట మాత్రం పెద్ద అక్షరాల్లో ఉండాలి, దాని నంబరు స్క్రీన్ మీద కనిపించినట్టే ఉండాలి.

కావలసినవి

- మీ పాస్‌వర్డ్, అంటే సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపేది) పనిచేసేది.
- ఏదైనా లినక్స్ లైవ్ యూఎస్‌బీ, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. వేరే వాళ్ల కంప్యూటర్‌లో తయారు చేసుకున్నా సరే.
- స్క్రీన్ ఫోటో తీయడానికి ఫోన్.
- డిస్కు చెడిందన్న అనుమానం ఉంటే, డేటా పట్టేంత ఖాళీ ఉన్న ఇంకో డిస్కు.
- ఛార్జర్. రిపేర్ మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతే చిన్న సమస్య పెద్దదవుతుంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉన్నప్పుడే ఏడో మెట్టు మొదలుపెట్టండి.

1. మొదటి ఎర్ర లైన్ చదవండి

స్క్రీన్ మీద చాలా లైన్లు ఎర్రగా కనిపిస్తాయి. కంగారు పడొద్దు. అసలు కారణం వాటిలో మొదటిదే. మిగతావన్నీ దాని వెంట పడ్డవి. ముందు ఫోటో తీసి పెట్టుకోండి, ఆ తర్వాత చూడండి.

“టైమ్డ్ ఔట్ వెయిటింగ్ ఫర్ డివైస్” అని మొదట ఉంటే, ఆ పార్టిషన్ అసలు దొరకలేదని అర్థం. దానికి ముందు “ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్” అంటూ నిమిషంన్నర దాకా సెకన్లు లెక్కపెట్టడం మీరు చూసే ఉంటారు. మూడో మెట్టు మీకోసమే.

“ఫెయిల్డ్ టు స్టార్ట్ ఫైల్ సిస్టమ్ చెక్” అని ఉంటే, పార్టిషన్ దొరికింది కానీ దాన్ని తనిఖీ చేస్తే తేడాలు బయటపడ్డాయి. ఏడో మెట్టు చూడాలి.

“ఫెయిల్డ్ టు మౌంట్” అని మొదట వస్తే, పార్టిషన్ దొరికింది, తగిలించబోతే కుదరలేదు. తప్పు ఆప్షన్, తప్పు ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) పేరు, లేదా విండోస్ సరిగా మూయకుండా వదిలేసిన డ్రైవ్ అయ్యుంటుంది.

“డిపెండెన్సీ ఫెయిల్డ్ ఫర్ లోకల్ ఫైల్ సిస్టమ్స్” అనేది అందరికీ కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు, వదిలేయండి.

బ్రాకెట్లలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతే కథ వేరు. అక్కడ మౌంట్ కానిది మీ డేటా డ్రైవ్ కాదు, రూట్ పార్టిషనే, అంటే సిస్టమ్ ఉన్న పార్టిషన్. నేరుగా తొమ్మిదో మెట్టుకి వెళ్లండి.

2. లోపలికి వెళ్లండి

ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ (అడ్మిన్ యూజర్) పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. ఉబుంటులో “ప్రెస్ ఎంటర్ ఫర్ మెయింటెనెన్స్” అంటే ఎంటర్ కొట్టండి చాలు. ఇక్కడ మీరు రూట్‌గానే ఉంటారు, సుడో అక్కర్లేదు.

కొందరికి “రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్” అని వచ్చి లోపలికే రానివ్వదు. రూట్‌కి పాస్‌వర్డ్ పెట్టని డెబియన్, ఫెడోరా ఇన్‌స్టాలేషన్లలో ఇది మామూలే. అప్పుడు లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, మీ రూట్ పార్టిషన్‌ని చేత్తో మౌంట్ చేయండి:

సుడో మౌంట్ /డెవ్/ఎస్‌డీఏ2 /ఎంఎన్‌టీ

ఎస్‌డీఏ2 ఉన్నచోట మీ రూట్ పార్టిషన్ పేరు రాయండి. కొత్త ల్యాప్‌టాపుల్లో అది ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 లాగా ఉంటుంది. ఫెడోరా వర్క్‌స్టేషన్ 33వ వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, మామూలుగా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడుతోంది. అందులో అసలు సిస్టమ్ ఒక సబ్‌వాల్యూమ్‌లో (పార్టిషన్ లోపలి భాగంలో) ఉంటుంది కాబట్టి మౌంట్ తర్వాత “-ఓ సబ్‌వాల్=రూట్” అని చేర్చాలి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. లైవ్ యూఎస్‌బీలో ఉన్నప్పుడు /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ అంటే ఆ పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌ది, మీ ల్యాప్‌టాప్‌ది కాదు. మీరు మార్చాల్సింది /ఎంఎన్‌టీ/ఈటీసీ/ఎఫ్‌స్టాబ్. మార్చాను, సేవ్ చేశాను, రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే ఎర్రర్ అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఏ ఎఫ్‌స్టాబ్ తెరిచారనే.

3. ఉన్నదానికీ, రాసినదానికీ పోలిక చూడండి

ఈ మెట్టు నిదానంగా చేయండి. ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి. ముందు డిస్కులో నిజంగా ఏముందో చూడండి:

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్

తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో ఏం రాసి ఉందో చూడండి:

క్యాట్ /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్

మొదటి కమాండ్ ప్రతి పార్టిషన్ పేరు, ఫైల్ సిస్టమ్, లేబుల్, యూయూఐడీ చూపిస్తుంది. యూయూఐడీ అంటే ఫార్మాట్ చేసినప్పుడు ఆ పార్టిషన్‌కి పడే గుర్తింపు నంబరు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లకి అది గీతలతో కలిపి 36 అక్షరాలు ఉంటుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌కి గీతల్లేకుండా 16 అక్షరాలే. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి (బూట్ ఫైళ్లు ఉండేది) నాలుగు, గీత, మళ్లీ నాలుగు. ఈ పొడవులు గుర్తుంటే ఏ నంబరు ఎవరిదో చూడగానే తెలుస్తుంది.

ఎఫ్‌స్టాబ్‌లోని ప్రతి యూయూఐడీ పై జాబితాలో ఉందా లేదా అని అక్షరం అక్షరం సరిచూడండి. మొదటి నాలుగు, చివరి నాలుగు కలిస్తే చాలనుకోకండి.

నంబరు కలవకపోతే, ఆ పార్టిషన్ ఎప్పుడో మళ్లీ ఫార్మాట్ అయింది. మీరు చేసి ఉండకపోవచ్చు. డ్యూయల్ బూట్‌లో రెండో లినక్స్ ఇన్‌స్టాల్ చేస్తుంటే అది అప్పటికే ఉన్న స్వాప్ పార్టిషన్‌ని (ర్యామ్ చాలనప్పుడు వాడే జాగా) తనకోసం కొత్తగా ఫార్మాట్ చేసుకోవచ్చు. దాంతో స్వాప్ యూయూఐడీ మారిపోతుంది, పాత లినక్స్ పాత నంబరు కోసం ప్రతి బూట్‌లోనూ నిమిషంన్నర ఎదురుచూస్తూ కూర్చుంటుంది. జీపార్టెడ్‌లో పార్టిషన్ సైజు మార్చినా, పక్కకి జరిపినా యూయూఐడీ మారదు. ఫార్మాట్ చేస్తేనే మారుతుంది.

ఎఫ్‌స్టాబ్‌లో యూయూఐడీ కాకుండా /డెవ్/ఎస్‌డీబీ1 అని పేరే రాసి ఉంటే, కారణం అదే కావచ్చు. ఏ, బీ, సీ అన్న ఆ పేర్లు డిస్కులు కనిపించిన వరసను బట్టి పడతాయి. ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీసీ అవుతుంది.

క్లోన్ చేసిన డిస్కు పక్కనే ఉంటే రెండు పార్టిషన్లకి ఒకే యూయూఐడీ ఉంటుంది. అప్పుడు ఎర్రర్ రాదు కానీ ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం. పాత డిస్కు తీసేసి చూడండి.

పార్టిషన్ జాబితాలోనే లేకపోతే సమస్య ఎఫ్‌స్టాబ్‌ది కాదు. డెస్క్‌టాప్ అయితే సాటా కేబుల్ రెండు చివర్లా గట్టిగా గుచ్చి చూడండి. ఎల్‌వీఎం (డిస్కుల జాగాను కలిపి పంచే పద్ధతి) వాడుతుంటే “వీజీచేంజ్ -ఏవై” కొట్టి మళ్లీ చూడండి. లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన పార్టిషన్ అయితే బయటి పెట్టె యూయూఐడీ /ఈటీసీ/క్రిప్ట్‌టాబ్‌లోకి, తెరిచాక లోపల కనిపించే యూయూఐడీ ఎఫ్‌స్టాబ్‌లోకి వెళ్లాలి. ఈ రెండూ తారుమారు కావడం తరచూ జరుగుతుంది.

4. లాగ్‌లో ఒక్క చూపు

జర్నల్‌సీటీఎల్ -బీ -పీ 3

ఈ బూట్‌లో వచ్చిన ఎర్రర్లు మాత్రమే చూపిస్తుంది. ఇక్కడ వెతకాల్సినవి రెండు మాటలు.

“ఐ/ఓ ఎర్రర్” పదేపదే కనిపిస్తే ఆగండి. అది డిస్కు ఆరోగ్యానికి సంబంధించినది. కింది రిపేర్లేవీ చేయకుండా పదో మెట్టుకి వెళ్లండి.

“అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ టైప్” అని ఉంటే, ముందు ఎఫ్‌స్టాబ్‌లో ఫైల్ సిస్టమ్ పేరు స్పెల్లింగ్ చూడండి. పేరు సరిగానే ఉండి, అదీ /బూట్/ఈఎఫ్‌ఐ వీఫ్యాట్ పార్టిషన్ దగ్గర, అప్‌డేట్ చేసిన వెంటనే వచ్చిందంటే, నడుస్తున్న కర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఒకటి, డిస్కులో ఉన్న మాడ్యూల్స్ (డ్రైవర్ల లాంటివి) ఇంకొకదానివి అయ్యుంటాయి. “యూనేమ్ -ఆర్” చూపించే వెర్షన్ పేరుతో /లిబ్/మాడ్యూల్స్‌లో ఫోల్డర్ ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. లేకపోతే బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ఇంకో కర్నెల్ ఎంచుకుని బూట్ చేసి, కర్నెల్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

5. ఎఫ్‌స్టాబ్ సరిచేయండి

ఎమర్జెన్సీ మోడ్‌లో రూట్ కొన్నిసార్లు చదవడానికి మాత్రమే తెరుచుకుని ఉంటుంది. సేవ్ కావట్లేదంటే ముందు ఇది:

మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /

తర్వాత కాపీ తీసుకుని, ఫైల్ తెరవండి:

సీపీ /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్.ఓల్డ్
నానో /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్

అర్జెంటుగా సిస్టమ్ కావాలా? గొడవ పెడుతున్న లైన్ మొదట్లో # గుర్తు పెట్టి, కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్ కొట్టి, రీబూట్ చేయండి. ఆ ఒక్క పార్టిషన్ తప్ప మిగతా అంతా వచ్చేస్తుంది. డెస్క్‌టాప్‌లోకి వెళ్లాక ప్రశాంతంగా మిగతా పని చేసుకోవచ్చు. రూట్ లైన్‌కి మాత్రం ఇలా చేయకండి. /బూట్/ఈఎఫ్‌ఐ లైన్‌కి # పెట్టినా బూట్ అవుతుంది కానీ, తర్వాతి అప్‌డేట్‌కి ముందే దాన్ని సరిచేసి # తీసేయాలి.

సరైన లైన్ ఇలా ఉంటుంది:

యూయూఐడీ=మీ-నంబరు /డేటా ఈఎక్స్‌టీ4 డీఫాల్ట్స్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=10ఎస్ 0 2

ఆరు గడులు: ఏది, ఎక్కడికి, ఏ రకం, ఆప్షన్లు, సున్నా, చివర్లో తనిఖీ వరస. రూట్‌కి 1, మిగతా ఈఎక్స్‌టీ4 పార్టిషన్లకి 2, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి 0.

తరచూ దొర్లే తప్పులు:

- ఆప్షన్ల మధ్య కామా తర్వాత ఖాళీ వదలడం. ఖాళీ వదిలితే అక్కడితో ఆ గడి అయిపోయిందనుకుంటుంది, మిగతాదంతా పక్క గడిలోకి జరుగుతుంది.
- యూయూఐడీకి బదులు పార్ట్‌యూయూఐడీ కాపీ చేయడం. బీఎల్‌కేఐడీ కమాండ్ రెండూ ఒకే లైన్‌లో చూపిస్తుంది, అవి వేర్వేరు నంబర్లు.
- ఫోల్డర్ పేరులో ఖాళీ. ‘మై ఫైల్స్’ లాంటి పేరుంటే ఖాళీ స్థానంలో \040 రాయాలి. లేదా ఖాళీ లేని పేరు పెట్టుకోండి, అదే సుఖం.
- డీఫాల్ట్స్ స్పెల్లింగ్. చివర ఎస్ మరిచిపోతారు.

ఇక నోఫెయిల్ గురించి. రూట్ కాని ఏ డేటా డ్రైవ్‌కైనా, ముఖ్యంగా ఊడదీసే యూఎస్‌బీ డిస్కులకి, ఇది పెట్టండి. పార్టిషన్ లేకపోయినా బూట్ ఆగదు. పక్కన ఉన్న టైమౌట్ ఆప్షన్ 90 సెకన్ల నిరీక్షణను 10 సెకన్లకి తగ్గిస్తుంది.

కానీ దీనివల్ల ఒక ప్రమాదం ఉంది, ఎవరూ చెప్పరు కాబట్టి ఆగి చెబుతున్నాను. నోఫెయిల్ పెట్టాక డ్రైవ్ రాకపోయినా మీకు తెలియదు. /డేటా అనే ఖాళీ ఫోల్డర్ మాత్రం రూట్ పార్టిషన్‌లో అక్కడే ఉంటుంది. రాత్రి నడిచే బ్యాకప్, టోరెంట్ డౌన్‌లోడ్ వగైరా ఆ ఫోల్డర్‌లోకి రాసుకుంటూ పోతాయి. రూట్ నిండిపోతుంది. మళ్లీ డ్రైవ్ వచ్చి దాని మీద మౌంట్ అయ్యాక ఆ ఫైళ్లు కనిపించవు, జాగా ఎవరు తినేశారో అంతుపట్టదు. దీనికి తేలికైన విరుగుడు ఉంది. డ్రైవ్ మౌంట్ కాని స్థితిలో, ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి ఇది కొట్టండి:

సుడో సీహెచ్‌ఏటీటీఆర్ +ఐ /డేటా

ఇక ఆ ఖాళీ ఫోల్డర్‌లోకి రూట్ కూడా రాయలేదు. డ్రైవ్ మౌంట్ అయ్యాక దాని మీద రాయడానికి ఏ అడ్డూ ఉండదు. రూట్ పార్టిషన్ ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లలో ఏదైనా ఇది పనిచేస్తుంది.

6. రీబూట్ చేయకముందే పరీక్షించండి

మార్చగానే రీబూట్ కొట్టే అలవాటు మానుకోండి. తప్పుంటే మళ్లీ ఎమర్జెన్సీ మోడ్‌లో తేలతారు. దానికి బదులు వరసగా ఈ మూడు:

సుడో ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై
సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో మౌంట్ -ఏ

మొదటిది ఎఫ్‌స్టాబ్‌లో తప్పులుంటే ఏ లైనో చెబుతుంది. రెండోది కొత్త ఎఫ్‌స్టాబ్‌ని సిస్టమ్‌డీకి చదివిస్తుంది. మూడోది మౌంట్ కానివన్నీ మౌంట్ చేయడానికి చూస్తుంది. ఏమీ అనకుండా ప్రాంప్ట్ తిరిగి వస్తే మంచిదే. “మౌంట్ పాయింట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్” అంటే ఫోల్డర్ లేదు, “సుడో ఎంకేడీఐఆర్ -పీ /డేటా” కొట్టి మళ్లీ చేయండి.

ఒక మెలిక గమనించండి. నోఫెయిల్ ఉన్న లైన్‌లో పార్టిషన్ దొరక్కపోయినా మౌంట్ -ఏ నోరెత్తదు. అప్పటికే మౌంట్ అయి ఉన్నవాటిని మళ్లీ ముట్టుకోదు కూడా. అందుకే నిశ్శబ్దాన్ని నమ్మకండి. చివర్లో ఇది చూడాలి:

ఫైండ్‌ఎంఎన్‌టీ /డేటా

పార్టిషన్ పేరు, రకం, ఆప్షన్లు కనిపిస్తే పని జరిగినట్టు. ఏమీ చూపించకపోతే మౌంట్ కాలేదు. ఆప్షన్లలో మొదట ఆర్‌ఓ అని ఉంటే చదవడానికి మాత్రమే తెరుచుకుంది, కారణం తర్వాతి రెండు మెట్లలో ఉంటుంది.

లైవ్ యూఎస్‌బీ నుంచి సరిచేస్తుంటే ఈ పరీక్షలు పెన్‌డ్రైవ్ సిస్టమ్ మీద నడుస్తాయి, మీ దాని మీద కాదు. అక్కడ యూయూఐడీని మరోసారి కళ్లతో సరిచూసుకుని రీబూట్ చేయడమే.

7. ఫైల్ సిస్టమ్‌లో తేడా ఉంటే

కరెంటు పోయి మెషీన్ ఒక్కసారిగా ఆగిపోయిన తర్వాత ఎక్కువగా ఈ పని పడుతుంది.

ఒక్క నియమం తప్పకూడదు: మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద రిపేర్ నడపకండి. ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో దాని పక్కన ఏ ఫోల్డర్ పేరూ లేదని చూసుకోండి. ఉంటే “సుడో యూమౌంట్ /డేటా” కొట్టండి. ఈ కమాండ్‌లో యూ తర్వాత ఎన్ ఉండదు. రూట్ పార్టిషన్ అయితే లైవ్ యూఎస్‌బీ నుంచి గానీ, అది మౌంట్ కాకముందే ఆగిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ నుంచి గానీ (తొమ్మిదో మెట్టు) చేయాలి.

ఈఎక్స్‌టీ4కి ముందు ఏమీ మార్చకుండా చూడండి:

సుడో ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ -ఎన్ /డెవ్/ఎస్‌డీబీ1

కొద్ది తేడాలే చూపిస్తే -ఎన్ తీసేసి మళ్లీ నడపండి, ప్రతిదానికీ అడుగుతుంది, వై కొట్టండి. పేజీలకి పేజీలు తప్పులు పరిగెడుతుంటే మాత్రం ముందు ముఖ్యమైన డేటా ఇంకో డిస్కుకి తీసుకునే దారి చూడండి. రిపేర్ ఫైల్ సిస్టమ్‌ని కుదుటపరుస్తుంది, మీ ఫైళ్లను కాపాడతానని మాటివ్వదు. ఎక్కడివో తెలియని ముక్కలు లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్‌లో నంబర్ల పేర్లతో పడి ఉంటాయి, అక్కడ వెతకండి.

అయిపోగానే “ఎకో $?” కొడితే ఒక అంకె వస్తుంది. 0 అంటే తప్పుల్లేవు, 1 అంటే ఉన్నవి సరిచేసింది, 4 అంటే ఇంకా మిగిలాయి, 8 అంటే ఆ ప్రోగ్రామే సరిగా నడవలేదు. 4 వస్తే మళ్లీ నడిపి 0 వచ్చేదాకా చూడండి.

సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ మూల వివరాలు ఉండే చోటు) పాడైందంటే భయపడక్కర్లేదు, దానికి నకళ్లు ఉంటాయి. మామూలు 4 కేబీ బ్లాకుల ఈఎక్స్‌టీ4లో మొదటి నకలు 32768 దగ్గర, రెండోది 98304 దగ్గర:

సుడో ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -బీ 32768 /డెవ్/ఎస్‌డీబీ1

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే ఏమీ చేయకుండానే అంతా బాగుందన్నట్టు తిరిగి వస్తుంది, మోసపోకండి. దానికి వాడాల్సింది ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్. లాగ్ (ఇంకా పూర్తికాని మార్పుల చిట్టా) మిగిలి ఉందని అది ఆగితే, ఒకసారి మౌంట్ చేసి, యూమౌంట్ చేసి మళ్లీ నడపండి. పెద్ద అక్షరం ఎల్ ఆప్షన్ ఆ లాగ్‌ని పారేస్తుంది, అన్ని దారులూ మూసుకుపోయాకే దాని జోలికి వెళ్లాలి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో “బీటీఆర్‌ఎఫ్‌ఎస్ చెక్” వరకు చేయండి, అది మామూలుగా చదవడమే. దానికి --రిపేర్ తగిలించడం తెలిసినవాళ్లు చెబితే తప్ప వద్దు.

8. విండోస్ డ్రైవ్ అయితే

డ్యూయల్ బూట్ వాళ్లకి ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు. నిన్నటిదాకా వచ్చిన డీ డ్రైవ్ ఇవాళ రాదు. ఎఫ్‌స్టాబ్ ఎవరూ ముట్టుకోలేదు, యూయూఐడీ మారలేదు.

కారణం విండోస్‌లో ఉంటుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది వచ్చింది. మీరు షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా మూతపడదు, సగం హైబర్నేట్ అయి డ్రైవ్‌ని తెరిచి ఉంచినట్టే వదిలేస్తుంది. అలాంటి డ్రైవ్ మీద రాస్తే డేటా చెడుతుందని లినక్స్ వెనక్కి తగ్గుతుంది. పాత ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ “విండోస్ ఈజ్ హైబర్నేటెడ్” అంటుంది. 2021లో కర్నెల్ 5.15తో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ “వాల్యూమ్ ఈజ్ డర్టీ” అంటుంది.

దీన్ని సరిచేయాల్సింది విండోస్ నుంచే:

అ. విండోస్‌లోకి వెళ్లి షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ కొట్టండి, మళ్లీ లోడయ్యేలోపు లినక్స్ ఎంచుకోండి. రీస్టార్ట్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉండదు.
ఆ. శాశ్వతంగా ఆపాలంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో “పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్”.
ఇ. అప్పటికీ డర్టీ అంటే అక్కడే “సీహెచ్‌కేడీఎస్‌కే డీ: /ఎఫ్”.

విండోస్ అసలు తెరుచుకోని పరిస్థితిలో మాత్రమే లినక్స్ నుంచి “సుడో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ -డీ /డెవ్/ఎస్‌డీబీ1” వాడండి. అది చిన్నచిన్నవి సర్ది డర్టీ గుర్తు తీసేస్తుంది, అంతకుమించి విండోస్ చేసే తనిఖీ ఏదీ చేయదు. ఎన్‌టీఎఫ్‌ఎస్3కి ఫోర్స్ ఆప్షన్ పెట్టమనే సలహాలు కనిపిస్తాయి, వినకండి.

ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఆ డ్రైవ్ రకం బిట్‌లాకర్ అని చూపిస్తే అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. విండోస్‌లో ఆ డ్రైవ్‌కి బిట్‌లాకర్ ఆపేసి, డీక్రిప్షన్ పూర్తయ్యాక లినక్స్‌కి రండి. మొదలుపెట్టే ముందు రికవరీ కీ ఎక్కడైనా రాసి పెట్టుకోవడం మరవొద్దు.

డ్రైవ్ మౌంట్ అయింది కానీ మీరు రాయలేకపోతుంటే, ఆప్షన్లలో యూఐడీ=1000,జీఐడీ=1000 చేర్చండి. ఒక్కరే వాడే మెషీన్‌లో ఆ నంబరు సాధారణంగా మీదే. “ఐడీ” అని కొట్టి ఖాయం చేసుకోండి.

9. రూట్ పార్టిషనే రాకపోతే

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ పైన ఉన్న సందేశం చూడండి. చేత్తో ఎఫ్‌ఎస్‌సీకే నడపమని అడుగుతుంటే, ఏ పార్టిషనో అక్కడే రాసి ఉంటుంది:

ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2
ఎగ్జిట్

చాలామందికి దీంతోనే బూట్ కొనసాగుతుంది.

“యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్” అంటుంటే డిస్కే కనిపించట్లేదు. బయోస్ అప్‌డేట్ అయినా, సీమోస్ బ్యాటరీ మార్చినా సెట్టింగులు మొదటికి వచ్చి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కి మారిపోవచ్చు. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో ఆ మోడ్‌లో ఎన్‌వీఎంఈ డిస్కు లినక్స్‌కి కనిపించదు. బయోస్‌లోకి వెళ్లి ఒకసారి చూడండి. డ్యూయల్ బూట్ అయితే, విండోస్ మీరు పెట్టబోయే మోడ్‌లోనే ఇన్‌స్టాల్ అయి ఉంటేనే మార్చండి, లేకపోతే అది బూట్ కాకుండా పోతుంది.

బూట్ అవుతోంది కానీ మొదట్లో “సస్పెండ్/రెజ్యూమ్ డివైస్” కోసం కాసేపు ఆగుతోందా? అది పాత స్వాప్ యూయూఐడీనే. ఉబుంటు, డెబియన్‌లలో /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్ ఫైల్‌లో కొత్త నంబరు రాసి, “సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ” కొట్టండి.

10. డిస్కే పాడవుతుంటే

స్మార్ట్‌మోన్‌టూల్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి:

సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీబీ

హార్డ్‌డిస్కులో రీఅలొకేటెడ్ సెక్టర్, కరెంట్ పెండింగ్ సెక్టర్ అనే రెండు వరసల్లో చివరి గడి చూడండి. సున్నా ఉండాలి. పెండింగ్‌లో అంకె ఉండి, అది చూసిన ప్రతిసారీ పెరుగుతుంటే డిస్కు చెడుతోంది. ఎన్‌వీఎంఈ అయితే మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్ అనే వరస.

ఇలాంటి డిస్కు మీద ఎఫ్‌ఎస్‌సీకే నడపకండి. రిపేర్ అంటే డిస్కు నిండా చదవడం, రాయడం. మిగిలిన కాస్త ప్రాణం దానికే పోతుంది. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో ముందు మొత్తం పార్టిషన్‌ని ఇంకో డిస్కులోకి ఇమేజ్‌గా తీసుకోండి:

సుడో డీడీరెస్క్యూ /డెవ్/ఎస్‌డీబీ1 /బ్యాకప్/డేటా.ఐఎంజీ /బ్యాకప్/డేటా.మ్యాప్

మొదటిది చెడిన డిస్కు, రెండోది కొత్త ఫైల్. తారుమారైతే ఉన్నది కూడా పోతుంది, ఎంటర్ కొట్టే ముందు రెండుసార్లు చదవండి. మ్యాప్ ఫైల్ ఉంటే మధ్యలో ఆగినా ఆగినచోట నుంచే మళ్లీ మొదలవుతుంది. ఏ రిపేరైనా ఆ ఇమేజ్‌కి కాపీ తీసి, ఆ కాపీ మీదే చేయండి. డేటా వెలకట్టలేనిదైతే, డిస్కు నుంచి టక్‌టక్ శబ్దం వస్తుంటే, పవర్ తీసేసి రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి.

అన్నీ చేశాక ఒకసారి రీబూట్ కాకుండా పూర్తిగా ఆపి ఆన్ చేయండి. “సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్” సున్నా యూనిట్లు చూపించాలి, ఫైండ్‌ఎంఎన్‌టీ మీ ఫోల్డర్‌ని చూపించాలి, ఆ డ్రైవ్‌లో ఒక చిన్న ఫైల్ సేవ్ కావాలి.

అప్పటికీ రాకపోతే సాయం అడగండి. అడిగేటప్పుడు నాలుగు ఇవ్వండి: మొదటి ఎర్ర లైన్ ఫోటో, ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ చూపించింది, ఎఫ్‌స్టాబ్ మొత్తం, చివరిసారి సరిగా బూట్ అయినప్పటి నుంచి మీరు మార్చినవి. “ఏమీ మార్చలేదు” అని రాసే ముందు అప్‌డేట్లు, కొత్తగా పెట్టిన పెన్‌డ్రైవ్, విండోస్‌లో గడిపిన సాయంత్రం కూడా గుర్తు చేసుకోండి.